సవరణ: సివిల్ పిల్లలకు మట్టి పరీక్షల లైన్

సివిల్ చదివిన మన డెల్టా పిల్లలకు మట్టి పరీక్షల లైన్‌లో మంచి సంపాదన ఉందని మొన్న రాశాను. బీటెక్ అవగానే వస్తుందనుకుని ఒక తండ్రి అబ్బాయిని సైట్ ఉద్యోగంలో చేరనివ్వలేదట. దయచేసి అలా చేయకండి. ఆ మాట ఎంటెక్ జియోటెక్నికల్ (మట్టి, పునాదుల ఇంజినీరింగ్) చేసి, కొన్నేళ్లు పనిచేసిన కన్సల్టెంట్ల గురించి. ఆ ఎంటెక్ సీటుకు ముఖ్యమైన దారి గేట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది, దాంతో ఎంటెక్ సీటు వస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ కూడా ఉంటుంది.

ఈలోగా భీమవరం వైపు ఎక్కడైనా మట్టి పరీక్ష కోసం బోర్ వేస్తుంటే వెళ్లి చూడండి. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడి, ఒక గొట్టాన్ని మట్టిలోకి దించుతుంది. మెత్తటి బంకమట్టిలో నాలుగు దెబ్బలకే గొట్టం దిగిపోతుంది. గట్టి ఇసుక తగిలితే దెబ్బలు పెరుగుతాయి. పైల్ (భూమిలోకి దించే పునాది స్తంభం) ఎంత లోతుకు దించాలో తేల్చేది ముఖ్యంగా ఆ దెబ్బల లెక్కే. వచ్చిన సైట్ ఉద్యోగంలో చేరండి, అక్కడి నుంచే గేట్‌కు చదవండి.