దెయ్యాల ఓవర్‌టైమ్ ఎవరిస్తారు?

ఈ దేశంలో అన్ని వర్గాల సమస్యల మీదా వ్యాసాలు వచ్చాయి. ఒక్క దెయ్యాల గోడు పట్టించుకున్న నాథుడు లేడు. అందులోనూ ఆడియో కథల్లో పనిచేసే దెయ్యాలది మరీ దిక్కుమాలిన బతుకు.

1764లో హొరేస్ వాల్పోల్ ఇటలీలోని ఒక కోట మీద నవల రాసి గోథిక్ కథలకు, అంటే పాత కోటల్లో దెయ్యాలు తిరిగే భయం కథలకు, శ్రీకారం చుట్టిన నాటికి వీటి ఉద్యోగం దర్జాగానే ఉండేది. చీకటి కోట, నేలమాళిగ, కొవ్వొత్తి, ఒంటరిగా చదువుకునే పాఠకురాలు. డ్యూటీ రాత్రిపూటే. ఇప్పుడో? పొద్దున్న ఎనిమిదింటికి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇల్లాలు బెండకాయలు తరుగుతుంటుంది. సరిగ్గా సమాధి మూత కదిలే వేళకి కుక్కర్ విజిల్ వేస్తుంది. ఆవిడ పది సెకన్లు వెనక్కి నొక్కుతుంది. మూత మళ్లీ కదలాలి. ఈలోగా పాలవాడు బెల్లు కొడతాడు. మళ్లీ పది సెకన్లు. ఒకే సమాధిలోంచి ఒక దెయ్యం ఎన్నిసార్లని లేస్తుంది? ఆయనగారు మెట్రోలో ఒకటిన్నర స్పీడులో వింటారు. శాపం పెట్టాల్సిన ముసలమ్మ, బస్సు వెళ్లిపోతోందన్నట్టు గబగబా శపించి తప్పుకుంటుంది.

అసలు అవమానం రాత్రి జరుగుతుంది. కథకుడు గొంతు బొంగురు చేసుకుని, వెనకాల తలుపు కిర్రుమనిపించి, గాలి హోరు పెట్టి చదువుతుంటే శ్రోత స్లీప్ టైమర్ పెట్టుకుని దుప్పటి ముసుగేస్తాడు. 'ఇది వింటే హాయిగా నిద్ర పడుతుందండీ' అని ఆఫీసులో సిఫార్సు కూడా చేస్తాడు. టైమర్ మరిచిన రోజు ఇంకా ఘోరం. రాత్రి బతికున్న పిన్నిగారు తెల్లారేసరికి పద్నాలుగో అధ్యాయంలో దెయ్యమై తిరుగుతుంటుంది. ఆవిడ ఎప్పుడు పోయిందో వెతుక్కోవడంతోనే ఆ పూట గడిచిపోతుంది.

ఈ వెతుకులాట కొత్తదేం కాదు. 1897 నాటి రక్తపిశాచి నవల 'డ్రాకులా'లో డాక్టర్ సీవర్డ్ డైరీ రాయడు, గొంతు రికార్డు చేసే ఫోనోగ్రాఫ్ యంత్రంలోకి చెబుతాడు. నెలల తరబడి చెబుతూ వచ్చిన ఆ మహానుభావుడికి, అందులో ఫలానా చోటు కావాలంటే ఎలా పట్టుకోవాలన్నది అదే నవలలోని మీనా అనే ఆవిడ వచ్చి అడిగేదాకా తట్టనే లేదు. మీనా మాత్రం రెండు పాయల లోహపు సాధనం చెవులకు తగిలించుకుని, కుదురుగా కూర్చుని విన్నది. ఆ గొంతులోని బాధ ఇంకెవరి చెవినా పడకూడదని మొత్తం టైపు కూడా కొట్టిపెట్టింది. శ్రోత అంటే ఆమె. బెండకాయల ప్రసక్తే లేదు.

ఇక్కడ ప్రతిపక్షం బేతాళుణ్ణి లేవదీస్తుందని తెలుసు. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడికి శ్రమ తెలియకుండా కథ చెప్పింది బేతాళుడే కదా, పని చేసుకుంటూ వినడం మన సంప్రదాయమే కదా అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆ కథలు చివర్లో ప్రశ్నతో వచ్చేవి. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి వక్కలే. కాబట్టి దెయ్యాల తరఫున నా డిమాండ్ ఒక్కటే: ప్రతి అధ్యాయం చివరా యాప్‌లు ఇదే షరతు పెట్టాలి. ప్రాణనష్టం జరుగుతుందేమోనని ప్రభుత్వం టెన్షన్ పడనక్కర్లేదు. తెలిసీ చెప్పనివాడి తలే పగులుతుంది. మనవాళ్లలో కథ తెలిసి చచ్చేదెవరికి?