పెద్ద మాగ్నమ్ ఒక్కటే సరిపోదు

వెయ్యి గజాల గురికి రైఫిల్ ఎంచుకునేటప్పుడు దొరికినంతలో అతి శక్తిమంతమైన మాగ్నమ్ (ఎక్కువ మందు పట్టే) తూటాను, అతి పొడవైన బ్యారెల్‌ను (గొట్టాన్ని) తీసుకుంటే చాలన్న వ్యాసకర్త సలహాతో పూర్తిగా ఏకీభవించలేను. .338 లపువా మాగ్నమ్ ఎంత దూరం కొట్టినా, బుల్లెట్ వ్యాసానికి 8 మి.మీ. పరిమితి గల అంతర్జాతీయ ఎఫ్-క్లాస్ ఓపెన్ (రైఫిల్‌ను ఆనించి కాల్చే దూరపు గురి) పోటీల్లో అంతకన్నా లావైన దానికి చోటు లేదు. 1963 నాటి .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ ఇప్పటికీ మంచిదే; అయితే దాని పాత కొలతల్లో పొడవాటి బరువైన బుల్లెట్లు ఇరుకుగా ఇముడుతాయి, సాధారణంగా వచ్చే 10 అంగుళాలకు ఒక చుట్టు ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాళ్ల మెలిక) వాటన్నిటినీ నిలకడగా తిప్పలేదు. 2018లో వచ్చిన .300 పీఆర్‌సీ అనే తూటా ఈ లోపాన్ని సరిదిద్దేందుకే పుట్టింది. కాబట్టి ముందు బుల్లెట్‌ను, దానికి తగిన ట్విస్ట్‌ను నిర్ణయించుకుని, ఆ తర్వాతే తూటా పేరు చూడాలి.

బ్యారెల్ పొడవు 26 అంగుళాలు దాటాక ఒక్కో అంగుళానికి పెరిగే వేగం సెకనుకు పాతిక అడుగులకు అటూఇటూగానే ఉంటుంది, బరువు మాత్రం చేతికి తెలుస్తుంది. పైగా మాగ్నమ్ వేడికి రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి ఆ గాళ్లు) మొదలయ్యే చోటు త్వరగా అరిగిపోతుంది; మాగ్నమ్ కాని .308 తూటా బ్యారెల్ ఐదు వేల తూటాలు ఓర్చుకునే చోట మాగ్నమ్ బ్యారెల్ రెండు వేలకే అలసిపోవచ్చు.

మన విశాఖలో తేమ వల్ల గాలి బరువెక్కుతుందని చాలామంది అంటారు, కానీ తేమగాలి నిజానికి కాస్త పలుచన; ఇక్కడ బుల్లెట్‌ను ఎక్కువగా అడ్డుకునేది సముద్రమట్టపు వాయుపీడనమే. ఎత్తైన ప్రదేశాల్లో తయారైన, ఏ దూరానికి బుల్లెట్ ఎంత కిందికి వాలుతుందో చెప్పే పట్టికలను ఇక్కడ యథాతథంగా నమ్మకూడదు. ఉప్పుగాలి దృష్ట్యా క్రోమ్-మోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) కన్నా స్టెయిన్‌లెస్ బ్యారెల్‌కే నా ఓటు, అయినా అదీ నూనె గుడ్డ అడుగుతుంది.