18,380 అడుగుల ఎత్తున మనశ్శాంతి

మా బావమరిదికి మనశ్శాంతి దొరికి మూడు నెలలవుతోంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంకెవరికీ లేదు.

దొరికింది లడఖ్‌లో, ఖర్దుంగ్ లా అనే కనుమ మీద, ఒక బోర్డు పక్కన. నాకు ఖాయంగా తెలుసు, ఫొటో తీసింది నేనే. పదకొండుసార్లు తీశాను. మొదటి పది ఫొటోల్లో శాంతి సరిగ్గా పడలేదన్నాడు.

తిరిగొస్తూ లేహ్ బజార్లో ఒక నల్ల టీషర్టు కొన్నాడు. వీపు మీద 18,380 అడుగులు అని ఉంటుంది. ఇక ఎక్కడికెళ్ళినా అదే. మేనత్తగారింట్లో సత్యనారాయణ వ్రతానికి అదే, మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి అదే. ఎవరైనా పాపం "ఏమిటి బాబూ ఆ నంబరు?" అని అడిగారా, అయిపోయారు. కళ్ళు అరమోడ్చి, "అది నంబర్ కాదండీ, ఎక్స్‌పీరియన్స్" అని మొదలుపెడతాడు. వ్రతం రోజున తీర్థం ఇవ్వబోయిన పంతులుగారు ఉద్ధరిణె పట్టుకుని పావుగంట అలాగే ఉండిపోయారు.

ఈ ఎక్స్‌పీరియన్స్‌ని నేను శ్రద్ధగా పరిశోధించాను. తేలిన విషయాలు ప్రజాప్రయోజనం దృష్ట్యా బయటపెడుతున్నాను.

ముందు ఆ అంకె సంగతి. ఖర్దుంగ్ లా ఎత్తు 18,380 అడుగులనీ, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన మోటారు రోడ్డు అదేననీ అక్కడి బోర్డు ఏళ్ళ తరబడి ఎండకీ మంచుకీ నిలబడి మరీ చెప్పింది. ఎవరో గిట్టనివాళ్ళు జీపీఎస్ యంత్రాలు పట్టుకెళ్ళి కొలిస్తే 17,582 తేలింది. అంటే 798 అడుగుల మేర అక్కడ కొండ లేదు, బోర్డే ఉంది. నాలుగైదు చార్మినార్లు ఒకదాని నెత్తిన ఒకటి పెట్టినంత. తర్వాత వచ్చిన బోర్డు మీద 17,982 అని రాశారు. నిజమంతా ఒకేసారి చెబితే జనం తట్టుకోలేరని కాబోలు, సగం దించారు. ఈలోగా 2021లో అదే లడఖ్‌లో ఉమ్లింగ్ లా మీద 19,024 అడుగుల ఎత్తున తారు రోడ్డు వచ్చింది. మొదటి స్థానమూ పోయింది. టీషర్టులు మాత్రం 18,380 దగ్గరే ఉన్నాయి. గుడ్డకి జీపీఎస్ ఉండదు కదా.

ఇప్పుడు క్యూ. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

లేహ్ ఊరే 11,500 అడుగుల ఎత్తున ఉంది. దిగిన రెండు రోజులు మంచం దిగొద్దని విమానం దగ్గర్నుంచి టాక్సీ డ్రైవరు దాకా అందరూ చెబుతారు. అక్కడి నుంచి ఇంకో 40 కిలోమీటర్లు ఎక్కితే ఖర్దుంగ్ లా. గాలిలో ఆక్సిజన్ మనం మామూలుగా పీల్చేదాంట్లో సగం. ఇరవై నిమిషాలకి మించి ఉండకండి అంటారు. ఆ బోర్డు ముందు క్యూలో మేము నిలబడింది గంటా పది నిమిషాలు.

మా ముందు ఒక కొత్త జంట. అమ్మాయి చలికి గజగజ వణుకుతోంది. అబ్బాయి "కోటు తీసెయ్, చీర కనబడట్లేదు" అంటున్నాడు. మా వెనక ఒక పెద్దాయన చిన్న ఆక్సిజన్ డబ్బా ముక్కుకి పెట్టుకుని పీలుస్తున్నాడు. కొడుకు కెమెరా సర్దుతూ, "నాన్నా, ఫొటోకి ఆ డబ్బా వెనక దాచు, జబ్బు మనిషిలా ఉన్నావు" అన్నాడు. ఆయన దాచాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఫొటోలో ఆకాశం రంగుకి బాగా కలిశాయని మెచ్చుకున్నారు.

అంతలో ఎవరో "మీరు మనవాళ్ళేనా అండీ?" అన్నారు. అంతే, క్యూలో సగం మంది వెనక్కి తిరిగారు. "మాది కూకట్‌పల్లి." "మాదీ కూకట్‌పల్లే! ఏ ఫేజు?" ఊపిరి అందక మాట మాటకీ ఆగుతూ, ఆయాసపడుతూ, పదిహేడు వేల అడుగుల ఎత్తున, చుట్టూ కారాకోరం కొండలు ధగధగలాడుతుండగా, వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో తెలుసా? గజం రేటు. ఆరో ఫేజులో ఎంత, నిజాంపేట వైపు ఎంత. ఒకాయన ఊపిరి బిగబట్టి "లక్షా..." అని ఆగిపోయాడు. లక్ష దగ్గరే ఆగాడా, ఇంకా ఉందా అని అందరూ ఆత్రంగా ఆయన నోటికేసి చూస్తున్నారు. అదొక్కటే ఆ రోజు నాకు కనిపించిన ధ్యానం.

ఆ ధ్యానాన్ని చెడగొట్టింది ఒక చిప్స్ ప్యాకెట్టు. ఎత్తుకెళ్ళేకొద్దీ బయట గాలి పలచబడి, మూసి ఉన్న ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బుతాయి. ఒకావిడ సంచిలోంచి అలా ఉబ్బిన ప్యాకెట్టు తీసి పళ్ళతో కొరికింది. ఠాప్ మని పేలింది. "చైనా వాడు కాల్చాడ్రా!" అని ఎవరో అరిచారు. క్యూ మొత్తం కకావికలు. కొత్త పెళ్ళికొడుకు భార్యని వదిలేసి జీపు వెనక నక్కాడు. పెద్దాయన ఆక్సిజన్ డబ్బా దొర్లుకుంటూ పోయింది. మసాలా చిప్స్ మంచు మీద పసుపు కుంకుమల్లా పడ్డాయి. అన్నీ సర్దుకుని చూస్తే మా బావమరిది ఒక్కడే బోర్డు పక్కన, రెండు చేతులూ చాపి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. "తియ్యి బావా, ఖాళీగా ఉంది!"

శాంతి దొరికింది ఆ క్షణంలోనే.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక మనవి. ఇలాంటి బోర్డు ఒకటి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద పెట్టించండి. ఎత్తు ఎంతైనా రాసుకోవచ్చు, అసలు బోర్డు కూడా అలాగే రాసింది కదా. వెనక కొండల ఫ్లెక్సీ కట్టిస్తే సరి. ఆక్సిజన్ కొరతకి ఢోకా లేదు, సాయంత్రం ఆరింటికి ఏ చౌరస్తాలో నిలబెట్టినా పెదాలు నీలమవుతాయి. టీషర్టులు ఇక్కడే కుట్టిస్తే పదిమందికి పని దొరుకుతుంది.

జెండాల గురించి కూడా రెండు ముక్కలు. బుల్లెట్టు హ్యాండిలుకి కట్టుకుని ఊరేగుతారే, ఆ ఐదు రంగుల గుడ్డ పేలికలు. నీలం ఆకాశం, తెలుపు గాలి, ఎరుపు నిప్పు, ఆకుపచ్చ నీరు, పసుపు నేల. మంత్రాలు అచ్చేసి కొండ మీద కడతారు, వాటిని తాకిన గాలి సకల జీవులకీ మేలు మోసుకెళ్తుందని. మావాడి బుల్లెట్టుకీ అవి ఉన్నాయి. ఆ బుల్లెట్టు ఈ జన్మలో మేడ్చల్ దాటలేదు, లడఖ్‌లో నడిపింది అద్దె బండి. సైలెన్సరు పీకించాడు కనుక మా వీధిలో సకల జీవులూ చెవులు మూసుకుని ఆ మేలు అందుకుంటున్నాయి.

పాంగాంగ్ సంగతి ఎత్తను. 134 కిలోమీటర్ల పొడవున్న సరస్సుకి వీపు చూపించి, ఒక హిందీ సినిమా పుణ్యమా అని అక్కడ అద్దెకి పెట్టిన పసుప్పచ్చ స్కూటరెక్కి ఫొటో దిగేవాళ్ళకి ఏం చెప్పగలం?

తిక్సే మఠంలో జరిగింది మాత్రం చెప్పాలి. అక్కడ రెండంతస్తుల ఎత్తున 49 అడుగుల మైత్రేయ బుద్ధుడు ఉన్నాడు. మెట్ల మీద ఎండ కాగుతున్న ఒక ముసలి లామా హిందీలో "ఎక్కణ్ణుంచి?" అని అడిగాడు. మావాడు "ఆంధ్రా" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "ధాన్యకటకం!" అన్నాడు. మావాడు నా వంక చూశాడు. ఆ పేరున్న వెంచరేదైనా ఉందా అన్నట్టు. లామా ఇంకాస్త ముందుకు వంగి, రెండు చేతులూ జోడించి, "నాగార్జున" అన్నాడు.

"ఓహో, నాగార్జునా!" అని మావాడు జేబులోంచి ఫోను తీసి, హీరోగారి ఫొటో వెతికి, వేళ్ళతో పెద్దది చేసి ఆయన చేతికిచ్చాడు. లామా చాలాసేపు చూశాడు. గడ్డాన్ని చూశాడు, నల్ల కళ్ళద్దాలని చూశాడు. శూన్యవాదం చెప్పిన ఆచార్యుడు ఇంత ఆరోగ్యంగా ఉంటాడని ఆయన అనుకుని ఉండడు. మర్యాదగా ఫోను తిరిగి ఇచ్చి, "జులే" అన్నాడు. ఆ మాటకి నమస్కారం అనీ అర్థమే, ఇక సెలవు అనీ అర్థమే.

బుద్ధుడు కాలచక్రం అనే తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనే, అంటే మన అమరావతిలోనే అని టిబెటన్ బౌద్ధుల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అక్కడికొచ్చి కాలచక్ర దీక్ష ఇస్తే హిమాలయాల నుంచి జనం మూటలు కట్టుకుని దిగారు. మా బావమరిది పుట్టింది గుంటూరులో. వాడి డిగ్రీ సర్టిఫికెట్ మీదే ఆచార్య నాగార్జునుడి పేరుంది. అమరావతికి జీవితంలో రెండుసార్లు వెళ్ళాడు, రెండుసార్లూ ప్లాటు చూడ్డానికి. అయినా వాణ్ణని ఏం లాభం? అమరావతి స్తూపం రాళ్ళు కొన్ని లండన్‌లో ఉన్నాయి, కొన్ని చెన్నైలో ఉన్నాయి. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ళ కింద ఉంది. మిగిలింది మనం చూడటంలేదు.

ఒక రాత్రి ఊరి చివర ఒక ఇంట్లో గది తీసుకున్నాం. ఇంటావిడ మేడ మీద దొడ్డి చూపించింది. నేలకి ఒక కంత, పక్కన మట్టి గుట్ట, ఒక పార. పని కాగానే నాలుగు పారల మట్టి లోపలికి తొయ్యాలి. కింద గదిలో అది ఎరువై, సాగు మొదలయ్యే వేళకి బార్లీ చేలకి వెళ్తుంది. చుక్క నీరు అక్కర్లేదు, వాసన కూడా లేదు. మా బృందం ముక్కులు మూసుకుని ఐదు నిమిషాల్లో సామాను సర్దేసింది. ఆవిడ మొహం చూడలేక నేను పార వంక చూస్తూ నిలబడ్డాను.

హోటలుకి మారాం. ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్ళు అని రాసి ఉంది కనుక. పొద్దున్నే మావాడు వేడినీళ్ళు వచ్చేదాకా పారనీ అని కుళాయి తిప్పి వదిలేసి, సూర్యోదయం రీలు తీసుకోవడానికి డాబా ఎక్కాడు. నేను లేచి చూసేసరికి నలభై నిమిషాలు. కుళాయి కట్టేసి కిటికీలోంచి చూస్తే కింద సందులో ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళు ప్లాస్టిక్ డబ్బాలతో వరసలో ఉన్నారు. హోటలు కుర్రాడు వచ్చి, "సార్, నీళ్ళు కొంచెం చూసి వాడండి" అన్నాడు, నేరం చేసినవాడిలా. మావాడు ఏమన్నాడో తెలుసా? "డబ్బు కట్టాంగా."

లేహ్‌లో ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు. కరువు సీమ అని మనం కన్నీళ్ళు పెట్టుకునే అనంతపురంలో దానికి ఐదు రెట్లు కురుస్తుంది. వాళ్ళ తిండీ తాగుడూ అంతా కొండ మీద కరిగే మంచే. ఏ మడికి ఎంతసేపు పారాలో చూడ్డానికి ఊరంతా కలిసి ఒక మనిషిని పెట్టుకుంటారు, చుర్పోన్ అంటారు. మన చెరువుల కింద నీరటికాడు ఉండేవాడు చూడండి, అలాగ. విత్తే వేళకి మంచు కరగదని, చలికాలపు నీళ్ళని గోపురాల్లా గడ్డకట్టించి దాచుకునే మంచు స్తూపాలు అక్కడి ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ మొదలుపెట్టింది కూడా అందుకే. 2011 లెక్కల్లో లడఖ్ జనాభా 2 లక్షల 74 వేలు. 2022లో ఒక్క ఏడాదిలో అక్కడికెళ్ళిన మనలాంటివాళ్ళు 5 లక్షలు దాటారు. ఇంట్లో ఇద్దరుంటే చుట్టాలు నలుగురు. ప్రతి చుట్టానికీ షవరు కావాలి, ఫ్లష్షు కావాలి. ఆ మురుగు గుంటలోకి, గుంటలోంచి నేలలోకి, అదే నేలలోంచి మళ్ళీ బోరు.

డబ్బు కట్టాడట! ఎవడికి కట్టావురా? మంచుకి కట్టావా? వేల ఏళ్ళుగా చెంబు లెక్కన నీళ్ళు పంచుకుని బతికినవాళ్ళ ఇంటికెళ్ళి, వాళ్ళ దొడ్డిని చూసి ముక్కు మూసుకుని, వాళ్ళ తాగేనీళ్ళతో మన కంపు కడుక్కుని, వెళ్తూ వెళ్తూ "అక్కడి మనుషులు ఎంత సింపుల్‌గా, ఎంత హ్యాపీగా ఉంటారో" అని స్టేటస్ పెడతామా? సిగ్గుండక్కర్లేదా? నేను కనిగిరి వైపు పుట్టాను. ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరుగెత్తినవాణ్ణి. సగం నిండిన బిందె చేతిలోంచి జారితే అమ్మ కొట్టలేదు, ఏడ్చింది. ఆ నలభై నిమిషాలూ నా చెవుల్లో ఇంకా పారుతున్నాయి.

సరే. బీపీ టాబ్లెట్ వేసుకున్నాను.

బోర్డు అబద్ధమని మావాడికి ఈమధ్యే తెలిసింది. ఫొటో కింద ఎవరో కామెంటు పెట్టారట. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "798 అడుగులు బావా! ఎంత మోసం!" అని ఒకటే బాధ. వచ్చే ఏడాది ఉమ్లింగ్ లా వెళ్తాడట, జీపీఎస్‌తో సరిచూసుకున్నాకే డబ్బు కడతాడట. ఆ నల్ల టీషర్టు ఇప్పుడు బండి తుడిచే గుడ్డ అయింది.

మొన్న ఆదివారం పొద్దున కింద పార్కింగులో బుల్లెట్టుకి పైపు పెట్టాడు. నీళ్ళు గేటు దాటి, రోడ్డు మీదుగా కిరాణా కొట్టు దాకా పారుతున్నాయి. హ్యాండిలుకి జెండాలు తడిసి వేలాడుతున్నాయి. వాచ్‌మన్ దగ్గరికొచ్చి, "సార్, సంపులో నీళ్ళు అడుక్కంటాయి, ట్యాంకరు మధ్యాహ్నానికిగానీ రాదు, కాస్త ఆపండి" అన్నాడు.

"మెయింటెనెన్స్ కట్టాంగా" అన్నాడు మా బావమరిది, 18,380తో మడ్‌గార్డు తుడుస్తూ.