నిద్రపోతున్నారో, పోయారో చెప్పని టేకు కాయ గారికి

మహారాజశ్రీ టేకు కాయ గారి సముఖమునకు,

సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న ఒక నారుమడికి, ఈ మధ్యాహ్నం వరకు తానే యజమానినని నమ్మిన వ్యక్తి చేసుకొను విన్నపము. మిమ్మల్ని ఊరంతా గింజ అంటారు గానీ మీరు గింజ కారు, గింజను దాచుకున్న కాయ. ఇంత దాచుకునే స్వభావం మా ఊరి వడ్డీ వ్యాపారులలో కూడా నేను చూడలేదు.

నాలుగాకులు వేసిన టేకు మొక్కలు వంద ఇస్తానని హోలీ నాడు మా బావమరిదికి మాట ఇచ్చాను. దానిని నమ్మి అతను ఈ రోహిణి కార్తె ఎండలో గోదావరి వంతెన దాటి, మట్టి నింపిన వంద ప్లాస్టిక్ సంచులను ట్రాలీలో వేసుకుని వచ్చాడు. మడిలో నాలుగు వందల కాయలు వేసి నేటికి ముప్పై ఎనిమిది రోజులు. లేచినవి పదకొండు. వాటిలో నాలుగు తుత్తురుబెండ కలుపు మొక్కలని అతనే ఒంగి చూసి తేల్చాడు. "బావా, అనవసరంగా ట్రాలీ తెచ్చాను, చొక్కా జేబు సరిపోయేది" అన్నాడు. మలబారు కలెక్టరు కానలీ అంతటివాడు 1840 దశకం మొదట్లో ఇప్పటి కేరళలోని నీలంబూరులో టేకు తోట వేయబోతే తొలి ప్రయత్నాలలో కాయలు మొలవనే లేదనీ, అతని కింద పనిచేసిన చాతు మేనోన్ పూనుకున్నాకే 1844లో పని దారికి వచ్చిందనీ నేను చెప్పబోయాను. "ఆ కలెక్టరు నాకు మాట ఇవ్వలేదు కదా బావా" అన్నాడు.

నేను చేసిన సేవలో లోపముంటే చెప్పండి. పద్నాలుగు రోజుల పాటు రాత్రంతా మిమ్మల్ని గోలెంలో నానబెట్టి, తెల్లవారగానే నీళ్ళు వంపి, పగలంతా బండ మీద ఎండబెట్టి, పొద్దుగూకాక మళ్ళీ కొత్త నీళ్ళలో వేశాను. మీ పైనున్న నూగు తొడుగులో మొలకను ఆపే పదార్థమేదో ఉంటుంది, అది నీళ్ళలో కరిగి పోవాలి కాబట్టి పాత నీళ్ళు పనికిరావు. తడికి ఉబ్బుతూ ఎండకు కుంచించుకుంటూ ఉంటే తప్ప లోపలి రాతి పెంకు మెత్తబడదు, కాబట్టి ఎండా తప్పదు. కొత్త అల్లుడికి కూడా మా ఇంట్లో ఇన్ని స్నానాలు చేయించలేదు. ఒక్క తప్పు ఒప్పుకుంటాను. మా బాపు కాయలను సంచిలో కట్టి ఏడాది పాటు చూరుకు వేలాడదీసేవాడు, ఎందుకంటే రాలిన ఏడాది కంటే మరుసటి ఏడాదే మీరు బాగా మొలుస్తారు. నేను తొందరపడి ఈ ఏటి కాయలే ఏరుకొచ్చాను.

మీ చుట్టుపక్కల వాళ్ళను చూడండి. చింతగింజ పెంకును కాస్త అరగదీసి నానబెడితే చాలు, మారుమాట లేకుండా లేస్తుంది. తుమ్మగింజ మేక పొట్టలో ప్రయాణం చేసి వచ్చి మరీ మొలుస్తుంది. కొత్త వడ్లు కొన్ని వారాలు నిద్రపోతాయి నిజమే, కానీ కోతల వేళ వాన పడితే వెన్ను మీదే మొలకెత్తకుండా రైతును కాపాడేది ఆ నిద్రే. వేపగింజ రాలిన కొద్ది వారాలలో మొలవడమో చావడమో ఏదో ఒకటి చేసి చూపిస్తుంది.

నా బాధంతా అదే. మీరు మొలవకపోవడం కాదు, ఏ సంగతీ తేల్చకపోవడం. ఊర్మిళాదేవి పద్నాలుగేళ్ళు నిద్రపోయినా ఆ నిద్రకు ఒక గడువుంది. మీలో చచ్చిన కాయను, పడుకున్న కాయను పక్కపక్కన అరచేతిలో పెట్టుకుని చూస్తే తేడా తెలియదు. చచ్చారనుకుని మడి తవ్వేద్దామంటే, మరుసటి వానకు లేచే కాయలు మీలో ఉంటాయి. పడుకున్నారనుకుని నీళ్ళు పోస్తూ ఉందామంటే, బావిలో నీళ్ళు అడుగంటాయి. కోపంతో మీ మీద ఎండుటాకులు పరిచి అగ్గి పెడదామనుకున్నాను, కానీ మంట పాకిన అడవిలోనే మీరు ఎక్కువగా లేస్తారు. చెదపురుగులకు అప్పగిద్దామంటే అవి మీ నూగు తొడుగు తిని మీకే ఉపకారం చేస్తాయి. మిమ్మల్ని శిక్షించే మార్గం కూడా మాకు మిగల్చలేదు మీరు.

బావమరిది చెంబు పట్టుకుని బావి దగ్గరకు వెళ్ళినప్పుడు, పట్టలేక, మడిలోంచి మూడు కాయలు తీసి కత్తితో నరికాను. మొదటిదానిలో నాలుగు గదులూ ఖాళీ. ఇన్నాళ్ళూ ఖాళీ ఇంటికి స్నానాలు చేయించానన్నమాట. రెండవదానిలో నల్లటి కుళ్ళు. మూడవది నరికేసరికి ఒక గదిలో తెల్లగా, నిండుగా, తడిగా, బతికి ఉన్న గింజ, సగానికి తెగి ఉంది. ఎందుకు పలకలేదు నువ్వు? ముప్పై ఎనిమిది రోజులు పొద్దున్నా సాయంత్రం వచ్చి పక్కన కూర్చున్నానే, ఒక్క పగులు చూపిస్తే ఏం పోయేది? చంపి చూస్తే తప్ప బతికున్నావని తెలియనివ్వని దానివి, నీతో మనుషులు ఎలా కాపురం చేయాలి?

ఆ తెగిన గింజను బావమరిదికి చూపించలేదు. మొలిచిన ఏడింటిని ఏడు సంచులలో పెట్టుకుని అతను వెళ్ళిపోయాడు. మిగిలిన తొంభై మూడు సంచులు వెనక్కి మోయడం దేనికని పందిరి కింద వరుసగా పేర్చి పోయాడు. మడిలో ఇంకా మూడు వందల తొంభై కాయలున్నాయి. చీకటి పడేలోగా పైన గడ్డి సర్ది, బావిలో అందినన్ని నీళ్ళు తోడి చల్లి వచ్చాను.

ఇట్లు,
కత్తిని అటక మీద పెట్టేసిన మీ సేవకుడు