బుల్‌డాగ్స్ మీద తిరుగుతున్న ఏడు పాయింట్ల మెసేజ్‌కు నా జవాబు

పది రోజుల్లో ఒకే మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. ఆదివారం క్రికెట్ గ్రూపులో ఒకసారి, బతుకమ్మ ఏర్పాట్ల గ్రూపులో ఒకసారి, మా వీధి తెలుగువాళ్ల గ్రూపులో రెండుసార్లు. చివరికి ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) బంతి గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో తెలియని మా బావమరిది కూడా బెంగళూరు నుంచి "ఇది నిజమేనా బావా?" అని పంపాడు. ఇక ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుంది.

మెసేజ్ పేరు "వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఎప్పటికీ బాగుపడదు: ఏడు కారణాలు". మెల్‌బోర్న్ పడమటి శివార్ల ఫుటీ జట్టు, అంటే మా జట్టు మీద రాసింది. అందులో ఉన్నది ఇదీ. కోచ్ ల్యూక్ బెవరిడ్జ్ ఫామ్ చూసి టీమ్ ఎంపిక చేయడు. పొట్టివాళ్లను నమ్ముకుని చెడిపోయారు. కిక్ కొట్టడం మానేసి చేత్తో ఆడతారు. 2016 కప్పు అంపైర్లు ఇచ్చింది. 2025లో 14 మ్యాచ్‌లు గెలిచి కూడా ఫైనల్స్‌కు (ఆ ఏడాది మొదటి ఎనిమిది జట్లకే దొరికిన చివరి పోటీలకు) చేరకపోవడం చేతగానితనం. ఆదివాసీ కుర్రాడు జమారా ఉగల్-హేగన్‌ను మొదటి పిక్‌తో (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశంతో) తీసుకుని చేతులు కాల్చుకున్నారు, "ఆ జాతి పిల్లలతో ఎప్పుడూ ఇంతే". కాబట్టి మన పిల్లలను కాలింగ్‌వుడ్‌లో మెంబర్లుగా చేర్పించండి.

పొట్టివాళ్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. 1990లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచిన టోనీ లిబరటోరె ఎత్తు 163 సెంటీమీటర్లు. 2020లో ఆల్-ఆస్ట్రేలియన్ (ఏటా ఎంచే మేటి జట్టు సభ్యుడు) అయిన కేలబ్ డేనియల్ 168. ముందు వరసలో ఆడే శామ్ డార్సీ 208. మెసేజ్ రాసినాయన ఈ మధ్య ఆట చూశాడా అని నా అనుమానం.

చేత్తో ఆడే హ్యాండ్‌బాల్ గురించి అసలు మాట్లాడను. ఆ ఆటతోనే 62 ఏళ్ల తర్వాత కప్పు వచ్చింది.

అంపైర్ల పాయింట్ మీద మాత్రం నేను చెప్పేది మా బుల్‌డాగ్స్ వాళ్లకే నచ్చకపోవచ్చు. 2016 గ్రాండ్ ఫైనల్లో ఫ్రీ కిక్కులు మాకు 20, సిడ్నీకి 8. మా ఈస్టన్ వుడ్ కిందికి జారినప్పుడు సిడ్నీ ఆటగాడు డాన్ హానెబెరీ మోకాలు దెబ్బతింది. దానికి ఫ్రీ కిక్ ఇవ్వాల్సింది, ఇవ్వలేదు. ఇన్నేళ్లలో ఆ క్లిప్ ఎన్నిసార్లు చూసినా నాకు అలాగే కనిపించింది. సిడ్నీ అభిమానులకు కడుపు మండడంలో న్యాయం ఉంది. కానీ కప్పు మొత్తం అంపైర్లే ఇచ్చారంటే మాత్రం ఒప్పుకోను. ఏడో స్థానం నుంచి బయలుదేరి, పెర్త్ వెళ్లి వెస్ట్ కోస్ట్‌ను 47 పాయింట్లతో ఓడించి, అప్పటికి వరసగా మూడు కప్పులు గెలిచి ఉన్న హాథోర్న్‌ను ఇంటికి పంపి, పడమటి సిడ్నీ జట్టు జీడబ్ల్యూఎస్‌ను వాళ్ల గడ్డ మీదే 6 పాయింట్ల తేడాతో గెలిచిన జట్టది. ఆ మూడు మ్యాచ్‌లూ అంపైర్లే ఆడారా?

ఇక టీమ్ ఎంపిక. ప్రతి గురువారం సాయంత్రం టీమ్ షీట్ వచ్చే వేళకు ఫోన్ పట్టుకుని కూర్చునేవాణ్ని నేను. బెవరిడ్జ్ మీద నేను తిట్టుకున్నంతగా ఈ మెసేజ్ రాసినాయన తిట్టి ఉండడు. అయినా ఆయన వాదన నిలవదు. కోచ్ ఫామ్ చూడడు అని మొదటి వాక్యంలో అంటాడు. రెండో వాక్యంలో జాక్ మాక్రేను, డేనియల్‌ను, బెయిలీ స్మిత్‌ను వేరే జట్లకు తరిమేశాడని ఏడుస్తాడు. పేరు చూసి కాకుండా ఆ వారం ఆట చూసి పక్కన పెట్టినందుకే కదా 2024లో మాక్రే, డేనియల్ కింది స్థాయి లీగ్ వీఎఫ్‌ఎల్‌లో ఆడాల్సి వచ్చింది? పేరున్నవాణ్ని తీస్తే అన్యాయం, ఉంచితే పక్షపాతం. ఏం చేస్తే ఒప్పు మరి?

బెయిలీ స్మిత్‌ను అసలు ఈ లెక్కలోకి లాగడమే తప్పు. 2024 సీజన్‌లో అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, మోకాలి లిగమెంట్ తెగి బయట ఉన్నాడు. లేనివాణ్ని ఎలా తీసేస్తారు? జీలాంగ్ జట్టుకు వెళ్లాక అద్భుతంగా ఆడాడు, కాదనను. పోగొట్టుకున్నందుకు నాకూ బాధే. అది ఎంపిక తప్పు మాత్రం కాదు.

ఆటగాళ్ల స్థానాలు మార్చి పాడు చేస్తాడని ఇంకో మాట. ఎడ్ రిచర్డ్స్ డిఫెన్స్‌లో పడి ఉండేవాడు. మిడ్‌ఫీల్డ్‌కు తెచ్చింది ఎవరు? 2025లో అతను ఆల్-ఆస్ట్రేలియన్. బెయిలీ డేల్‌ను ముందు వరస నుంచి వెనక్కి తెచ్చింది ఎవరు? 2021లో అతనూ ఆల్-ఆస్ట్రేలియన్.

జాక్ మాక్రే విషయంలో మాత్రం కోచ్‌ది తప్పే. మూడుసార్లు ఆల్-ఆస్ట్రేలియన్, 2021లో ఒక్క సీజన్‌లోనే 880 డిస్పోజల్స్ (కిక్కులు, హ్యాండ్‌బాల్స్ కలిపి). అలాంటివాణ్ని అటూ ఇటూ తిప్పి, కింది స్థాయికి పంపి, చివరికి సెయింట్ కిల్డాకు వదులుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఈ ఒక్క విషయంలో మెసేజ్ రాసినాయనతో చేయి కలుపుతాను. కానీ "ఆటగాళ్ల మీద ప్రేమ లేని కోచ్" అన్న మాట వెనక్కి తీసుకోవాలి. 2016లో కప్పు చేతికొచ్చిన నిమిషాన, గాయంతో ఆ సీజన్ దాదాపు అంతా పోగొట్టుకున్న కెప్టెన్ బాబ్ మర్ఫీని వేదిక మీదికి పిలిచి, తన మెడలోని మెడల్ తీసి అతని మెడలో వేసిన మనిషి బెవరిడ్జ్. ఆ రోజు మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లలో ఏడవనివాళ్లు లేరు.

2025 తొమ్మిదో స్థానం గురించి: కెప్టెన్ బొంటెంపెల్లీ పిక్క గాయంతో మొదటి వారాలు లేడు, డార్సీ మోకాలి గాయంతో మధ్యలో పోయాడు, ట్రెలోర్ దాదాపు సీజన్ అంతా బయటే. అయినా 14 గెలుపులు, 130 దాటిన పర్సెంటేజ్ (కొట్టిన పాయింట్లకూ ఇచ్చిన పాయింట్లకూ నిష్పత్తి). పెద్ద జట్ల మీద గెలవలేకపోయారన్నది నిజం. చివరి రౌండ్‌లో మార్వెల్ స్టేడియంలో ఫ్రీమాంటిల్ మీద గెలిచి ఉంటే లోపలికి వెళ్లేవాళ్లు, గెలవలేదు. దాన్ని ఓటమి అనండి, చేతగానితనం అనకండి. చేతగానితనం చూడాలంటే 2023కి వెళ్లండి. ఆ ఏడాది మొత్తం మీద మూడే మ్యాచ్‌లు గెలిచి అట్టడుగున ఉన్న వెస్ట్ కోస్ట్ చేతిలో, సొంత మైదానంలో, సీజన్ చివర్లో 7 పాయింట్ల తేడాతో ఓడారు. ఫైనల్స్ అక్కడ పోయాయి. ఆ రోజు సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి రైల్లో టార్నీట్ దాకా మా బోగీలో ఎవరూ నోరు విప్పలేదు. మెసేజ్‌లో దాని ఊసే లేదు.

ఇప్పుడు ఆరో పాయింట్. ఇది రాయడానికే నేను కూర్చున్నాను.

ముందు లెక్క. "మొదటి పిక్ వృథా చేశారు" అంటున్నారు. 2020 డ్రాఫ్ట్‌లో జమారా పేరు పిలిచింది మొదటి పిక్ ఉన్న అడిలైడ్ క్లబ్. అతను బుల్‌డాగ్స్ అకాడమీ కుర్రాడు కాబట్టి, వేరే క్లబ్ పిలిచినా అంతే విలువ కట్టి తీసుకునే హక్కు బుల్‌డాగ్స్‌కు ఉండేది; తమకున్న వెనక పిక్‌లు కొన్ని పోగేసి బిడ్‌ను సమం చేసి తీసుకున్నారు. మొదటి పిక్ మన చేతిలో లేనే లేదు, వృథా చేయడానికి. 2024లో 40కి పైగా గోల్స్ కొట్టాడు. 2025లో వ్యక్తిగత కారణాలతో ఆటకు దూరమయ్యాడు, ఏడాది చివర్లో గోల్డ్ కోస్ట్‌కు వెళ్లాడు. అతను లేకపోవడం మన ముందు వరసను దెబ్బ తీసింది. ఇంతవరకు ఫుటీ మాట, ఎంతసేపైనా వాదించుకోవచ్చు.

కానీ మెసేజ్ అక్కడ ఆగలేదు. "ఆ జాతి పిల్లలకు టాలెంట్ ఉంటుంది, క్రమశిక్షణ ఉండదు" అని రాసి, కింద రెండు నవ్వే బొమ్మలు పెట్టింది. మనవాళ్లు దాన్ని అలాగే ముందుకు తోశారు.

షాన్ బర్గోయిన్ 407 మ్యాచ్‌లు ఆడాడు. ఆదివాసీ ఆటగాళ్లలో 400 దాటిన మొదటివాడు. 2002 నుంచి 2021 దాకా ప్రతి చలికాలం ఒళ్లు హూనం చేసుకుని నిలబడ్డ మనిషి. లాన్స్ ఫ్రాంక్లిన్ వెయ్యి గోల్స్ దాటించాడు. ఆడమ్ గూడ్స్ రెండు బ్రౌన్‌లోలు గెలిచాడు. ఇవన్నీ క్రమశిక్షణ లేకుండా వచ్చాయా? ఏం మాట్లాడుతున్నారు మీరు?

2023 మార్చిలో సెయింట్ కిల్డాతో మ్యాచ్‌లో స్టాండ్స్ నుంచి ఎవడో జమారాను రంగు పేరుతో తిట్టాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. ఐదు రోజులకే గురువారం రాత్రి బ్రిస్బేన్‌తో మ్యాచ్. మా పాపను తీసుకుని వెళ్లాను. గోల్ వెనక కూర్చున్నాం. జమారా తొలి గోల్ కొట్టాడు. కొట్టి, మా వైపు తిరిగి, జెర్సీ పైకెత్తి తన ఒంటి రంగును వేలితో చూపించాడు. 1993లో విక్టోరియా పార్క్ మైదానంలో ఇలాంటి తిట్లే తిన్న ఆదివాసీ ఆటగాడు నిక్కీ విన్మార్ నిలబడ్డట్టే నిలబడ్డాడు. నా పక్కన ఉన్న ముసలావిడ, ఎర్ర-తెలుపు-నీలం మఫ్లర్ కట్టుకుని, లేచి నిలబడి రెండు చేతులతో కళ్లు తుడుచుకుంది. మా పాప "నాన్నా, ఎందుకు అలా చూపించాడు?" అని అడిగింది. ఆ గోలలో నేను చెప్పింది తనకు వినపడలేదు. మ్యాచ్ ముగిసేసరికి అతనివి ఐదు గోల్స్. వారంలోపే ఆ అవమానం మింగి వచ్చి ఐదు గోల్స్ కొట్టినవాడికి క్రమశిక్షణ గురించి మనం చెప్పాలా?

విన్మార్ రోజుల్లో తిడితే అడిగే నిబంధనే లేదు. 1995లో ఆంజాక్ డే (సైనికుల స్మారక దినం) మ్యాచ్‌లో తనను తిట్టారని ఆదివాసీ ఆటగాడు మైకేల్ లాంగ్ పట్టుబట్టి ఫిర్యాదు చేస్తే, ఆ ఏడాదే లీగ్ నియమం తెచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు కూడా ఆడమ్ గూడ్స్‌కు మైదానం మైదానంలో బూ కొట్టి, ఆట వదిలేసేదాకా వెంటపడ్డారు. ఇది మన దేశం కాదు, మన గొడవ కాదు అని ఎవరైనా అంటే, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

పోయిన చలికాలంలో మా వాడు అండర్-10లో ఆడుతున్నాడు. ఆదివారం పొద్దున, బురద, సన్నటి వాన. వాడి చేతికొచ్చిన మార్క్ (గాల్లో పట్టే బంతి) జారిపోయింది. గీత పక్కన నిలబడ్డ ఎదుటి జట్టు పిల్లాడి తండ్రి, కాఫీ తాగుతూ, "వీళ్లను ఎందుకు తీసుకుంటారో, వీళ్లకు క్రికెట్ తప్ప ఏదీ రాదు" అన్నాడు. గట్టిగానే అన్నాడు. మా వాడు విన్నాడు. ఆట అయ్యేదాకా ఏమీ అనలేదు. కార్లో బూట్ల బురద కాగితంతో తుడుస్తూ, "నాన్నా, వీళ్లంటే ఎవరు?" అని అడిగాడు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, వాడిని పెరట్లోకి తీసుకెళ్లి, చీకటి పడేదాకా వాడితో మార్కులు పట్టించింది ఎవరో తెలుసా? మా వీధి గ్రూపులో ఈ మెసేజ్ మొదట పెట్టిన అన్నే. "ఆ మాట అన్నవాడెవడో చూపించు తమ్ముడూ, వాడి సంగతి నేను చూస్తా" అని ఊగిపోయిన అన్న. మీరు ఫార్వర్డ్ చేసిన వాక్యంలో "ఆ జాతి పిల్లలు" అని ఉంది అన్నా. మా వాడి మీద పడ్డ మాటలో "వీళ్లు" అని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి ఒకసారి చదవండి. మీ మీద నాకు గౌరవం పోలేదు, పోదు కూడా. కానీ ఆ రాత్రి ఫోన్‌లో మీ పేరు కింద ఆ వాక్యం చూసి నాకు నిద్ర పట్టలేదు.

ఏడో పాయింట్. కాలింగ్‌వుడ్ మంచి జట్టే, 2023లో కప్పు గెలిచింది. ఇష్టమైతే వెళ్లండి, ఎవరూ ఆపరు. అయితే "ఈ క్లబ్‌కు గుండె లేదు" అని మాత్రం రాయకండి. 1989లో ఈ క్లబ్‌ను ఫిట్జ్‌రాయ్‌తో కలిపేసి మూసేయబోతే, క్లబ్ సొంత పేట ఫుట్‌స్క్రే జనం విరాళాల డబ్బాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే మామూలు అభిమాని తన పేరు మీద కోర్టుకెక్కింది. కొన్ని వారాల్లోనే 15 లక్షల డాలర్లకు పైగా పోగేసి క్లబ్‌ను నిలబెట్టుకున్నారు. ఇప్పుడు మనం ఇళ్లు కట్టుకుని ఉన్న పడమటి శివార్ల జట్టు ఇది.

మా వాడు ఈ ఏడాది కూడా మెంబర్‌షిప్ అడిగాడు, కట్టేశాను. అన్నా, ఆ ఆరో పాయింట్ గ్రూపులోంచి తీసేయండి. మాక్రే గురించి శనివారం ఇంటికి రండి, ఎంతసేపైనా తిట్టుకుందాం.