బయోగ్యాస్ ప్లాంటు భవిష్యత్తు గేటు దగ్గరే తేలుతుంది

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో చెత్త నుంచి కరెంటు తీస్తున్న సంగతిని 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు. తార్నాకలోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) సాంకేతికతతో కట్టిన ఆ ప్లాంటుకు చెప్పిన లెక్క ఇది: 10 టన్నుల వ్యర్థాలు వేస్తే రోజుకు 500 యూనిట్ల విద్యుత్, 30 కిలోల దాకా ఇంధనం. అప్పటినుంచి ప్రతి మున్సిపాలిటీకీ అలాంటి డైజెస్టర్, అంటే గాలి తగలకుండా చెత్తను కుళ్లబెట్టి గ్యాసు తీసే ట్యాంకు, కావాలి. కానీ డైజెస్టర్‌లోకి ఏం వేస్తారు, ఎంత వేగంగా వేస్తారు అన్నది మాత్రం టెండర్లలో ఒక పేరాకు మించి కనిపించదు. ప్లాంట్లు మూతపడేది సరిగ్గా అక్కడే.

ముందు లెక్క చూద్దాం. 10 టన్నుల కూరగాయల్లో 9 టన్నులు నీళ్లే. మిగిలిన టన్నులో బ్యాక్టీరియాకు పనికొచ్చే సేంద్రియ పదార్థం 850 కిలోల దాకా ఉంటుంది. కిలోకు అర ఘనమీటరు చొప్పున 425 ఘనమీటర్ల గ్యాసు వస్తుంది. ఘనమీటరుకు ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు వేసుకుంటే 500 యూనిట్లు తీసి, వంటకు కొంత గ్యాసు మిగల్చడం సాధ్యమే. అదే 10 టన్నుల్లో కవర్లు, మట్టి, కొబ్బరి బొండాలు రెండు టన్నులుంటే గ్యాసు అంతకంత పడిపోతుంది. పైగా కవర్లు పంపులకు చుట్టుకుంటాయి, మట్టి అడుగున పేరుకుని ట్యాంకు సామర్థ్యాన్ని తినేస్తుంది.

లోపల పని రెండు రకాల జీవుల మధ్య నడుస్తుంది. చక్కెరలను ఆమ్లాలుగా మార్చే బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది. ఆ ఆమ్లాలను మండే వాయువైన మీథేన్‌గా మార్చే ఆర్కియా అనే సూక్ష్మజీవులకు రోజులు పడుతుంది. టమాటా, క్యాబేజీ, పండ్లు పులిసేది చాలా త్వరగా. పండగ సెలవుల్లో పేరుకున్న రెండు మూడు రోజుల చెత్తను ఒకేసారి వేశారనుకోండి, ఆమ్లం ఉప్పెనలా వచ్చిపడుతుంది, మీథేన్ జీవులు తట్టుకోలేవు. పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.8 కిందకు జారితే మంట నీరసిస్తుంది, గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, ట్యాంకులోని చిక్కటి ద్రవం, అంటే స్లరీ, పుల్లటి కంపు కొడుతుంది.

చాలామంది ఆపరేటర్లు పీహెచ్ మీటరునే నమ్ముకుంటారు. ట్యాంకులో ఆమ్లాన్ని విరిచే బైకార్బోనేట్ ఉన్నంతసేపు పీహెచ్ కదలదు, కదిలేసరికి ఆలస్యమైపోతుంది. ముందే పట్టించేది ఆమ్లాలకూ, వాటిని తట్టుకునే శక్తి అయిన క్షారతకూ ఉన్న నిష్పత్తి. వడగట్టిన 20 మిల్లీలీటర్ల స్లరీలో 0.1 నార్మల్ గాఢత గల సల్ఫ్యూరిక్ ఆమ్లం బొట్టుబొట్టుగా వేస్తూ, పీహెచ్ 5.0కి ఎంత పట్టిందో, అక్కణ్నుంచి 4.4కి ఎంత పట్టిందో రాసుకుంటే ఆ నిష్పత్తి లెక్క వచ్చేస్తుంది. అది 0.3 దగ్గరుంటే ఫరవాలేదు. 0.4 దాటి పెరుగుతూ పోతుంటే అదే రోజు మేత, అంటే ట్యాంకులో వేసే చెత్త, తగ్గించాలి. బ్యూరెట్ (బొట్లను కొలిచే గాజుగొట్టం) పట్టగల ఒక మనిషి చాలు, కానీ ఆ మనిషి జీతాన్ని ప్రాజెక్టు నివేదికలో ఎవరూ రాయరు.

పులిసిపోయిన ట్యాంకును కాపాడాలంటే మేత ఆపేసి, సోడియం బైకార్బోనేట్ నీళ్లలో కరిగించి కొద్దికొద్దిగా పోయాలి. బాగా నడుస్తున్న పేడ గ్యాసు ప్లాంటు స్లరీ తెచ్చి కలపాలి. కోలుకున్నాక పావు వంతు మేతతో మొదలుపెట్టాలి. చౌక కదా అని సున్నం గుమ్మరిస్తే పైన ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను అది లాగేసుకుని సుద్దగా అడుగుకు చేరుతుంది, గ్యాసు గదిలో ఒత్తిడి పడిపోయి డోము దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

పెట్రోలులో కలిపే ఇథనాల్ వైపు చూసినా కథ సరుకు దగ్గరే తిరుగుతుంది. నూకల్లో ఉన్నది పిండిపదార్థం. 85–90 డిగ్రీల దగ్గర ఆల్ఫా అమైలేజ్ ఎంజైమ్ వేసి, 32 డిగ్రీలకు చల్లార్చి, గ్లూకోఅమైలేజ్, ఈస్ట్ కలిపితే రెండు మూడు రోజుల్లో పని పూర్తవుతుంది. టన్నుకు 450 లీటర్ల దాకా వస్తుంది. వరిగడ్డి అలా లొంగదు. అందులో చక్కెరలతో అల్లుకున్న సెల్యులోజ్‌ను లిగ్నిన్ అనే గట్టి పదార్థం గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి పలుచని ఆమ్లంతో 160–190 డిగ్రీల ఆవిరి పెడితే ఫర్‌ఫ్యూరాల్, ఎసిటిక్ ఆమ్లం పుట్టుకొచ్చి ఈస్ట్‌నే దెబ్బతీస్తాయి. గడ్డిలోని చక్కెరల్లో పెద్ద వాటా జైలోజ్‌ది, మామూలు ఈస్ట్ దాన్ని ముట్టదు. గడ్డిలోని సిలికా కత్తులనూ పంపులనూ అరగదీస్తుంది. 2022 ఆగస్టులో మొదలైన పానిపట్ ప్లాంటుకు ప్రకటించిన లక్ష్యం 2 లక్షల టన్నుల గడ్డితో ఏటా 3 కోట్ల లీటర్లు, అంటే టన్నుకు 150 లీటర్లే. గడ్డిలో ఉన్న చక్కెరలన్నీ ఇథనాల్ అయితే 400 లీటర్లు దాటాలి.

అందుకే పెట్టుబడి ధాన్యం వైపు పరిగెత్తుతోంది. తిండిగింజలను ట్యాంకుల్లోకి మళ్లించడం నాకు సమ్మతం కాదు. తెలంగాణలోని చిత్తనూరు, దిలావర్‌పూర్ గ్రామస్తులు ఇథనాల్ ఫ్యాక్టరీల మీద ఎందుకు రోడ్డెక్కారో ప్రభుత్వం చెవిన పెట్టాలి. ఎలాగూ కుళ్లిపోయే తడి చెత్త మన చేతిలోనే ఉన్నప్పుడు ముందు దాన్ని వాడుకోవడం న్యాయం.

దానికి మార్కెట్ కమిటీలు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. దుకాణం దగ్గరే కవర్లు వేరుచేయించాలి. కాంట్రాక్టరుకు చెత్త బరువును బట్టి కాకుండా శుభ్రమైన మేత బరువును బట్టి చెల్లించాలి. సెలవుల చెత్తను రోజుల మీద సర్దడానికి నిల్వ తొట్టి కట్టాలి. గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టే ఐరన్ ఆక్సైడ్ గుళికలను వేళకు మార్చాలి, లేకపోతే ఆ వాయువు జనరేటర్ బేరింగులను తినేస్తుంది.

ఇంకొకటి, అందరూ మరిచేది. 10 టన్నులు లోపలికి వెళితే గ్యాసుగా పోయేది అర టన్నే. మిగతా తొమ్మిదిన్నర టన్నుల స్లరీ ప్రతిరోజూ ఎక్కడికో పోవాలి. అది డ్రైనేజీలో కలిస్తే ఈ కష్టమంతా వృథా. చుట్టుపక్కల జిల్లాల నుంచి కూరగాయలు తెచ్చి ఖాళీగా తిరిగి వెళ్లే బండ్లకు, నీరు పిండేసిన స్లరీ ఎరువును ఉచితంగా ఎక్కించే ఏర్పాటు ప్లాంటు అంచనాల్లోనే ఉండాలి. పిండగా వచ్చిన నీటిని మేత నూరడానికి మళ్లీ వాడుకోవచ్చు, అమ్మోనియా, ఉప్పు పేరుకోకుండా చూసుకుంటే.