హిడింబమ్మ ఇంటికి చుట్టపుచూపు

ఎండలు ముదిరి పిల్లల పరీక్షలు ముగిసేసరికి ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పట్టణాల్లోని మన తెలుగు కుటుంబాలకు ఏటా ఒక పరమ కర్తవ్యం గుర్తుకు వస్తుంది. అది మనాలి వెళ్లి రావడం. పలాసలోనో విశాఖపట్నంలోనో రైలెక్కి, ఢిల్లీలో దిగి, అక్కడి నుండి రాత్రంతా ఓల్వో బస్సులో మలుపు మలుపుకూ కడుపు చేత్తో పట్టుకుని, మొత్తం మీద 2,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బియాస్ నది ఒడ్డున వాలే ఈ యాత్రను కొందరు గిట్టనివారు దుబారా అంటున్నారు. ఆ అపవాదును ఖండించడం ఇప్పుడు అత్యవసరమని భావిస్తున్నాను.

గిట్టనివారు ముందుగా చూపేది మహేంద్రగిరిని. అది గజపతి జిల్లాలోనే ఉంది, ఎత్తు 1,501 మీటర్లు. మనాలి సుమారు 2,050 మీటర్లు. ఈ మాత్రం తేడా కోసం దేశం ఆ కొసకు పోవాలా అని వారి ప్రశ్న. పరశురాముడు తపస్సు చేసిన కొండ అనీ, పైన భీముడికీ కుంతికీ యుధిష్ఠిరుడికీ పాతకాలపు రాతిగుళ్లు ఉన్నాయనీ గుర్తుచేస్తారు. మనాలిలో అందరూ చూసే గుడి మాత్రం హిడింబది. దట్టమైన దేవదారు వనంలో 1553లో రాజా బహదూర్ సింగ్ కట్టించిన ఆ కలప గుడి నిజంగా అందమైనది, అందులో నాకు వెటకారం లేదు. అయితే భర్తను పెరట్లో పెట్టుకుని, ఒక్కసారైనా పలకరించకుండా, భార్యను చూడడానికి హిమాలయాలకు పరుగెత్తడం ఏం మర్యాద అని వారు నిలదీస్తారు. వారు గ్రహించని సంగతి ఏమిటంటే, అత్తగారూ కొడుకూ మన జిల్లాలో ఉన్నారు కనుక మనం మగపెళ్లివారం. మగపెళ్లివారు అంత దూరం వెళ్లేది మర్యాదలు అందుకోవడానికే.

ఆ మర్యాదలు మనాలి దగ్గరి సోలంగ్ లోయ దారిలోనే మొదలవుతాయి. ఎవరూ అడగకుండానే డ్రైవరు ఒక కొట్టు ముందు బండి ఆపి, కొట్టు నంబరు మరచిపోవద్దని హెచ్చరించి, ఛాయ్ తాగడానికి వెళ్లిపోతాడు. లోపల వరుసగా వేలాడే బొచ్చు కోట్లలో ఒకటి మనకు తొడుగుతారు. అంతకుముందు తొడుక్కున్నవారి చెమట ఇంకా ఆరని గమ్‌బూట్లలో మన కాళ్లు దూరుస్తారు. మే నెల మధ్యాహ్నం సోలంగ్‌లో కనుచూపు మేర పచ్చిక తప్ప మరేమీ ఉండకపోవచ్చు. అయినా పైన మంచు ఉందని డ్రైవరు హామీ ఇచ్చాడు కనుక కుటుంబమంతా ఎండలో, కోట్లలో, నుదుటి చెమట తుడుచుకుంటూ వరుసగా నిలబడి ఫొటో దిగుతుంది. గుడి దగ్గరైతే అంగోరా కుందేలును చేతిలో పెట్టి ఒక రేటు, జడలబర్రె మీద కూర్చోబెట్టి ఇంకో రేటు. అత్తవారింటి అలకపాన్పు మీద కూడా ఇంత లాంఛనం చూడలేదు.

సాహసం సంగతికి వద్దాం. మహేంద్రగిరికి పోదామని మా వీధిలో ఎవరినైనా అడిగి చూడండి. “అక్కడేటుంది బావా, కొండే కదా!” అంటారు. సరైన మాట. కొండెక్కాలంటే సొంత కాళ్లు కావాలి, ఆయాసం కూడా సొంతదే, పైగా మనం రొప్పుతున్నంతసేపూ వీడియో తీసేవారు ఉండరు. శివరాత్రికి జనం అలాగే ఎక్కి దేవుణ్ణి చూసి దిగిపోతారు గానీ, దాన్ని సాహసమని పాపం వారు కూడా అనుకోరు. సోలంగ్‌లో పద్ధతి వేరు. పారాగ్లైడింగ్‌లో గాలిని అంచనా వేయడం, పరుగెత్తడం, తాళ్లు లాగడం, భద్రంగా దించడం అన్నీ వెనుక కట్టుకున్న పైలట్ చేస్తాడు. చంకలో పసిపిల్లలా వేలాడుతూ కేకలు పెట్టడం ఒక్కటే మన వంతు. కర్రకు బిగించిన కెమెరాలో ఆ కేకలు పడతాయి, వీడియోకు డబ్బు వేరే.

రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి రోజుకు 1,200 పర్యాటక వాహనాలకు మించి పోకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ పరిమితి పెట్టడంతో పర్మిట్ సంపాదించడమే ఒక సాహసమయింది. అది దొరకనివారికి 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగం ఉంది. 9 కిలోమీటర్ల పొడవునా కారు అద్దాలు దించి కేకలు వేస్తూ, కనుమ ఎక్కకుండానే దాని కింద నుండి అవతల తేలితే, హిమాలయాలను జయించినట్టే లెక్క.

గిట్టనివారి చివరి అస్త్రం మన గజపతి జిల్లాలోని చంద్రగిరి. 1963 నుండి అక్కడ టిబెట్ శరణార్థులు స్థిరపడి మొక్కజొన్న పండించుకుంటున్నారు. 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ విహారం దాపునే జిరంగులో ఉంది. రంగురంగుల ప్రార్థన పతాకాలు మన జిల్లాలోనే రెపరెపలాడుతుండగా అవే పతాకాల ముందు ఫొటో కోసం మనాలి దాకా పోవడం ఎందుకంటారు. నా జవాబు ఒక్కటే: చంద్రగిరి వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చినవాడిని పొరుగింటివారు “ఎలా జరిగిందండీ ప్రయాణం?” అని అడగరు.

అయినా జిల్లా అభిమానం నాకూ ఉంది కనుక ప్రభుత్వానికి ఒక చిన్న సూచన చేస్తాను. మహేంద్రగిరి మొదట్లో నంబర్లు వేసిన కోట్ల దుకాణాలు వెంటనే తెరవాలి. సొంత కాళ్లతో ఎక్కడాన్ని నిషేధించి, డోలీలో మోయించుకుంటూ కేకలు వేసేవారికి మాత్రమే పర్మిట్లు ఇవ్వాలి. దారిలో మూడు గంటలకు తగ్గకుండా ట్రాఫిక్ నిలిచిపోయే ఏర్పాటు తప్పనిసరి. ఇవన్నీ అమర్చాక కూడా మనవారు వస్తారన్న ఆశ నాకు లేదు, వారు అప్పటికి సోలంగ్‌లో ఉంటారు. వచ్చేది హిడింబమ్మ తరఫువారు. కులూ టోపీలు పెట్టుకుని వియ్యాలవారి ఊరు చూడాలని దిగే ఆ ఆడపెళ్లివారికి మన ఉక్కపోతలో బొచ్చు కోట్లు అక్కరలేకపోవచ్చు. కోటు తొడుక్కున్నా తొడుక్కోకపోయినా అద్దె మాత్రం వసూలు చేయాలి, గమ్‌బూట్లను ముందురోజే తడిపి ఉంచాలి.